చన్నజాజి అన్న గొంతు

"కళ్ళు ఎలాగూ పోనాయి బాబూ. సెవులు మాత్రం బాగున్నాయి. ఇన్నది ఇన్నట్టు సెప్తన్నాను" అన్నాడు తాతబాబు.

షానవాజ్ అతని ఎదురుగా, పిల్లల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కుర్చీలోంచి అడిగితే పెద్దాయన పోలీసులకి చెప్పిన నాలుగు ముక్కలే మళ్ళీ చెబుతాడు. చాప మీద నుంచి అడిగితే కథ చెప్పినట్టు చెబుతాడని ఆ డిటెక్టివ్ లెక్క.

"కథ అయిపోయింది. తర్వాత?"

"తరవాతేటి, తల్లులొచ్చినారు. ఒక్కొక్కరూ నా సెవిలో మాట సెప్తన్నారు. నాను పిల్లని పేరెట్టి పిలిసి అప్పసెప్తన్నాను. పైడి మాట సన్నజాజి. ఆ మాట సెవిన పడ్డాది. ఆడమనిషే. పైడిని పంపీసినాను." పెద్దాయన కుడిచెయ్యి చాచాడు. "నానే పంపీసినాను బాబూ. నా సేత్తోనే."

ఆటోనగర్ పక్కనున్న ఆ చిన్న గ్రంథాలయంలో శనివారం మధ్యాహ్నం పిల్లలకి కథల గంట ఉంటుంది. పోర్టులో క్రేను నడిపి రిటైరైన తాతబాబు కథలు చెబుతాడు. జీతం లేదు, టీ ఒకటి. పిల్లల తల్లుల్లో చాలామంది షిఫ్టు డ్యూటీల వాళ్ళు. తీసుకెళ్ళడానికి ఓ వారం అమ్మ వస్తే ఓ వారం పక్కింటామె వస్తుంది, ఇంకో వారం ఆటో అతను. వచ్చినవాళ్ళ మొహాలు తాతబాబు శుక్లాల కళ్ళకి ఆనవు. అందుకని లైబ్రేరియన్ జ్యోతిర్మయి ఒక పద్ధతి పెట్టింది. ఒక్కో పిల్లకీ ఒక ఇంటి మాట. తల్లే ఆ మాట ఎంచుకుని జ్యోతిర్మయికి చెబుతుంది. ఆవిడ తాతబాబుకి చెబుతుంది. ఎక్కడా రాయరు. మాట చెప్పినవాళ్ళకే పిల్ల.

ఇవాళ నాలుగింటికి ఎవరో ఆ మాట చెప్పి ఐదేళ్ళ పైడిని తీసుకెళ్ళారు. డ్యూటీ దిగి తల్లి వచ్చేసరికి పిల్ల లేదు.

జ్యోతిర్మయి ఆ సమయంలో పై ఆఫీసు మీటింగులో ఉంది. తిరిగొచ్చి సంగతి తెలియగానే పోలీసులకి ఒక ఫోను, షానవాజ్‌కి ఒక ఫోను చేసింది. అతని డిటెక్టివ్ ఆఫీసు ద్వారకా నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ పైన. నెలకోసారి ఈ లైబ్రరీకి వచ్చి ఫోను మోసాల గురించి జనానికి చెబుతుంటాడు. దానికీ జీతం లేదు, టీ ఒకటి.

"ఆ గొంతు మళ్ళీ వింటే గుర్తుపడతారా?"

"గుసగుసగా సెప్పినాది. గుసగుసకి గొంతుండదు కదా బాబూ. ఒకటి మాత్రం... సన్నజాజి అన్లేదు. చన్నజాజి అన్నాది. చ అని. పళ్ళు లేవేమోననుకున్నాను. పోలీసులకీ అదే సెప్పినాను."

తాతబాబుకి మంచినీళ్ళు పోస్తున్న జ్యోతిర్మయి చేతిలో గ్లాసు నిండి, నీళ్ళు చాప మీదికి కారాయి. ఆమె చప్పున కూజా పక్కన పెట్టింది. షానవాజ్ చూశాడు.

"పిల్లని ఎటు తీసుకెళ్ళింది?"

"ఎనక నుంచి. ఎనక తలుపు గడియ సప్పుడైనాది."

షానవాజ్ లేచాడు. ముందు మెట్ల దగ్గర పైడి చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి, సీతాకోకచిలుక బొమ్మలున్న గులాబీరంగు జత. పిల్లని చెప్పులు లేకుండా తీసుకుపోయారన్నమాట. వెనక గదిలోకి వెళ్ళి తలుపు గడియ పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. అప్పటికీ రాలేదు.

"పైకెత్తి లాగాలి" అంది వెనక నుంచి జ్యోతిర్మయి.

పైకెత్తి లాగితే తేలిగ్గా వచ్చింది. "కొత్తవాళ్ళకి ఈ కిటుకు తెలీదు కదా?"

ఆమె తలుపు మూసి గడియ వేసేసింది.

షానవాజ్ మళ్ళీ చాప దగ్గరికి వచ్చాడు. "తాతబాబు గారూ, ఆ టైములో ముందు వరండాలో ఎవరైనా ఉన్నారా?"

"పేపర్ల బల్ల కాడ ఒకడే. కథ మొదలెట్టినకాడి నుంచి కూకునున్నాడు. సదవడానికి మాత్రం రాలేదు ఆడు."

"ఎలా తెలుసు?"

"ఒక్క పేజీ తిప్పలేదు బాబూ."

పైడి తల్లి దేవిశ్రీ పుస్తకాల బీరువాకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మెడలో కంపెనీ బ్యాడ్జి తీయడం కూడా మరిచిపోయింది. అచ్యుతాపురంలో ఒక బట్టల కంపెనీలో కుట్టుపని. అదే కంపెనీలో పనిచేసే భర్త సాయిశంకర్ నిరుడు బాయిలరు పేలి చనిపోయాడు. ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగిస్తున్నాడు ఒక నడివయసు మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరు గుణశేఖర్. డ్యూటీ దిగిన ఆమెను తన కార్లోనే అచ్యుతాపురం నుంచి తీసుకొచ్చింది అతనే.

"అమ్మా, ఇంటి మాట ఎవరికైనా చెప్పావా?" అడిగాడు షానవాజ్.

"టీచరమ్మకి తప్ప ఎవులికీ సెప్పలేదు బాబూ. మా ఇంటామెకి కూడా సెప్పలేదు."

"నీకెవరితోనైనా తగవులున్నాయా?"

"తగవులేటుంటాయి బాబూ నాకు. డ్యూటీ, ఇల్లు, నా గుంట పైడి. సోమారం ఎంక్వైరీలో సాచ్చికం సెప్పాల. ఆ రోజు బాయిలర్ కాడ అలారం మోగలేదు, నాను అక్కడే ఉన్నాను. అంతకి మించి..."

"ఆ గొడవలన్నీ ఇప్పుడెందుకమ్మా" అన్నాడు గుణశేఖర్ మెత్తగా. "ముందు పాప సంగతి చూద్దాం. లే, నేను కార్లో తిప్పుతాను. బస్టాండు, రైల్వే స్టేషను చూసొద్దాం. ఇక్కడ కూర్చుంటే నీ గుండె ఆగిపోయేలా ఉంది."

ఆమెను పొదివి లేపాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి షానవాజ్‌తో గొంతు తగ్గించి అన్నాడు. "ఏదైనా తెలిస్తే ముందు నాకు చెప్పండి సార్. మంచైనా చెడైనా ఆవిడ తట్టుకోలేదు."

కారు వెళ్ళింది. అది ఖాళీ చేసిన చోట జీపు వచ్చి ఆగింది.

ఎస్సై మోహనకృష్ణ, షానవాజ్ ఒకే బ్యాచ్‌లో ఖాకీ వేసుకున్నారు. షానవాజ్ మధ్యలో విప్పేశాడు. అప్పట్నించి ఎస్సై అతన్ని బావా అనే పిలుస్తాడు. అందులో చుట్టరికం కన్నా వెటకారం ఎక్కువ.

"ఏటి బావా, కేసు చాప మీద దొరికిందా?"

"చాప మీద కూర్చుంటే దొరుకుతుంది బావా. జీపులో తిరిగితే ముసలమ్మలు దొరుకుతారు."

నిజంగానే జీపులోంచి నలుగురు ముసలమ్మలు దిగారు. బస్టాండులో అడుక్కునేవాళ్ళు. నలుగురికీ నోట్లో ఒక్క పన్ను లేదు. అందరికంటే పెద్దామె జ్యోతిర్మయి దగ్గరికి వచ్చి అడిగింది. "ఇక్కడ టీ ఇత్తారన్నాడు ఈ పోలీసు బాబు. నిజవేనా అమ్మా?"

"ఇస్తాను, కూర్చో మామ్మా" అంది జ్యోతిర్మయి.

"టీ తర్వాత" అన్నాడు మోహనకృష్ణ. "సన్నజాజి అనలేక చన్నజాజి అంది. అంటే పళ్ళు లేవు. ఎవత్తో ముసల్ది అడుక్కోవడానికి పిల్లని ఎత్తుకుపోయింది. ఈ నలుగురూ ఒక్కోసారి ఆ మాట చెవిలో అంటారు, పెద్దాయన పట్టుకుంటాడు. పావుగంటలో కేసు క్లోజు."

"అంతసేపు ఎందుకు" అన్నాడు షానవాజ్. "తాతబాబు గారూ, మీవి కట్టుడు పళ్ళేనా?"

"కిందా మీదా రెండూనూ."

"ఒక్కసారి తీసి, సన్నజాజి అనండి."

పెద్దాయన మొహమాటపడ్డాడు. గోడ వైపు తిరిగి, పళ్ళు తీసి రుమాల్లో పెట్టుకుని అన్నాడు. "షన్నజాజి." మళ్ళీ ప్రయత్నించాడు. "షన్నజాజి."

"ఇప్పుడు చన్నజాజి అనండి."

"చన్నజాజి." చ మాత్రం తేటగా పలికింది.

వరండాలో ముసలమ్మలు నలుగురూ ఎవరికి వాళ్ళు షన్నజాజి, షన్నజాజి అనుకుని చూసుకున్నారు. పెద్దామెకి నవ్వొచ్చింది.

"చ అనడానికి నాలుకా అంగిలీ చాలు. పళ్ళతో పని లేదు" అన్నాడు షానవాజ్. "పళ్ళు ఊడితే స కాస్తా ష అవుతుంది, చ అవదు."

"అయితే నత్తి."

"చ ని స అనేవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి వందమంది ఉన్నారు. నువ్వున్నావు, నేనున్నాను. సేపలు, సెరువు అంటాం. అది మన పుట్టుభాష. ఇది తిరగేసిన తప్పు బావా. స ని పట్టుకుని చ అన్నారు. ఈ తప్పు పుట్టుకతో రాదు. ఎవరో నేర్పితే వస్తుంది."

"నాను అలాగ మాట్లాడతానేటి" అన్నాడు మోహనకృష్ణ. అని, పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ పైనున్న ఫ్యాను వైపు చూశాడు.

ఎస్సై మొహం ఎర్రబడింది. "సరే. దీపాలు పెట్టేదాకా చూస్తాను. అప్పటికి పిల్ల రాకపోతే ఈ ముసలాయన స్టేషన్లో ఉంటాడు, ఈ లైబ్రరీకి తాళం పడుతుంది. కళ్ళు కనపడని మనిషికి పిల్లల్ని అప్పగించిన మేడమ్ గారి సంగతి పై ఆఫీసువాళ్ళు చూసుకుంటారు."

"నన్ను తీషుకుపోండి బాబూ" అన్నాడు తాతబాబు, పళ్ళు పెట్టుకోవడం మరిచిపోయి. "లైబ్రరీ ఏటి షేషినాది?"

షానవాజ్ వెనక గదిలోకి నడిచాడు. జ్యోతిర్మయి అతని వెనకే వచ్చి తలుపు జారేసింది.

ఆ గదిలో ఒక నల్లబల్ల ఉంది. దాని మీద అరచేయంత చ అక్షరం. దాని కింద రకరకాల చేతులు దిద్దిన చ లు, కొన్ని బక్కవి, కొన్ని బొద్దువి.

"గ్లాసు ఎందుకు పొర్లింది మేడమ్?"

ఆమె నల్లబల్ల వైపు చూపించింది. "సాయంత్రాలు ఇక్కడ ఆడవాళ్ళకి చదువు చెబుతాను. చేపలమ్మేవాళ్ళు, షెడ్లలో ఊడ్చేవాళ్ళు. అందరికీ చ దగ్గరే చిక్కు. చేప అని రాయమంటే సేప అని రాస్తారు. నేనే వెంటపడ్డాను, సేప కాదమ్మా చేప, సెరువు కాదు చెరువు అని. అది కొందరిలో భయమై కూర్చుంది. స వస్తే చాలు, ఇది కూడా తప్పేమో, చ అనాలేమోనని. ఒకామె కొట్టుకెళ్ళి చబ్బు ఇమ్మందట. కొట్టువాడు నవ్వితే మా టీచరమ్మ ఇలాగే చెప్పిందని దెబ్బలాడొచ్చింది." నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "నా పాఠమే షానవాజ్ గారూ. నేను నేర్పిన తప్పే అది."

"ఎవరామె?"

"పోలీసులకి ఆ పేరిస్తే రేపట్నించి ఈ గదికి ఒక్కరు కూడా రారు. ఆవిడ పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి కాదు."

"కాదనే నేనూ అనుకుంటున్నాను. ఎత్తుకుపోయేదైతే పిల్లకి చెప్పులు వేసి, ముందు నుంచి దర్జాగా వెళ్ళి ఆటో ఎక్కేది. మాట చెప్పేసింది కదా, ఇంక భయమేముంది? ఈవిడ చెప్పులు కూడా వదిలేసి వెనక నుంచి వెళ్ళింది. ముందు వైపు ఎవరికో కనబడకూడదనుకుంది."

"పేజీ తిప్పనివాడు" అంది జ్యోతిర్మయి నెమ్మదిగా.

"వాడు కూడా ఇప్పుడు ఆవిడ కోసమే వెతుకుతూ ఉంటాడు. మనకంటే ముందు వాడు చేరితే?"

జ్యోతిర్మయి నల్లబల్ల మీద చెయ్యి పెట్టింది. సుద్ద అంటుకుంది. "కాంతం. భయపడినప్పుడల్లా చ వచ్చేది ఆవిడకే. ఆటోనగర్‌లో ఒక వ్యాన్ల రిపేరు షెడ్డులో ఊడ్చి, టీ కాస్తుంది. ఇల్లు ఆ వెనకే. నేనూ వస్తాను. జీపు మాత్రం రాకూడదు."

వెనక తలుపు గడియ ఈసారి షానవాజే పైకెత్తి లాగాడు.

రేకుల గదుల వరస. చివరి గదికి బయట తాళం వేసి ఉంది. బండి దిగిన జ్యోతిర్మయి తాళం చూసి నీరుగారిపోయింది. షానవాజ్ వేలు పెదవి మీద పెట్టి, కిటికీ వైపు చూపించాడు. మూసిన కిటికీ రెక్క వెనక నుంచి ఒక గొంతు, ఒక్కో అక్షరాన్నీ రాయి ఎత్తినట్టు ఎత్తుతోంది.

"అ... డ... వి. అడవిలో. ఒక. చిం... హం. చింహం."

"చింహం కాదు మామ్మా. సింహం." చిన్న గొంతు. విసుగు లేదు, దయ ఉంది.

"అదే తల్లీ. సింహం."

"మళ్ళీ సదువు."

"అడవిలో ఒక చిం..."

"మామ్మా."

జ్యోతిర్మయి ఆ గుమ్మం ముందే కూలబడింది. చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. షానవాజ్ ఆమెకి ఒక్క నిమిషం ఇచ్చాడు. తర్వాత ఆమే లేచి కిటికీ మీద వేలితో కొట్టింది. లోపల చప్పుడు ఆగిపోయింది.

"కాంతం, నేనే."

"టీచరమ్మా?" చాలాసేపటికి వచ్చింది జవాబు. "ఎనక ఎవులు?"

"మనవాళ్ళే. ఫోను మోసాల సారు."

"ఓటీపీ సెప్పద్దన్న సారా?" కిటికీ వేలెడు తెరుచుకుంది. ఒక కన్ను షానవాజ్‌ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత తాళంచెవి బయటికి వచ్చింది. "పక్కింటామె సేత బయటేయించి లోపలికి పడీయమన్నాను. బేగి తీసి రండి."

గదిలో నులకమంచం మీద పైడి. ఒళ్ళో లైబ్రరీ బొమ్మల పుస్తకం, చేతిలో సగం తిన్న బిస్కెట్టు. జ్యోతిర్మయిని చూసి నవ్వింది. "టీచర్, మామ్మకి సింహం రాలేదు. ఏనుగు వచ్చీసినాది."

జ్యోతిర్మయి పిల్లని గుండెకి హత్తుకుంది. కాంతం గోడవార నిలబడి, చేసింది తప్పో ఒప్పో తెలియని మొహంతో చూస్తోంది. యాభై దాటిన మనిషి, చేతుల నిండా గ్రీజు మరకలు.

"చెప్పండమ్మా" అన్నాడు షానవాజ్.

"మా షెడ్డుకి వేను వచ్చినాది బాబూ. ఇద్దరు మనుసులు. నాను టీలిస్తన్నాను. టీలిచ్చేదాన్ని ఎవులు సూస్తారు? ఒకడు ఫోన్లో, సన్నజాజి, గుర్తుంది సార్, మాట సెప్తే పిల్లనిచ్చీసే లైబ్రరీయే కదా అనీసి నవ్వుతన్నాడు. సోమారం దాకా గుంట మన కాడుంటే తల్లి నోరు మెదపదు అన్నాడు రెండోవోడు. నాకు కాళ్ళాడలేదు. అది మన లైబ్రరీ కదా. ఒకడు పిల్లని కనిపెట్టుకుని ఉండడానికి ముందే ఎల్లిపోనాడు. మాట సెప్పడానికి ఆడమనిసిని తేవాలని రెండోవోడు ఆగినాడు. ఆ ఆడదాని కంటే ముందు నానెల్లిపోవాల అనుకున్నాను. పరిగెట్టినాను. ఫోను కూడా షెడ్డులోనే ఉండిపోనాది, మీ నెంబరు అందులోనే ఉన్నాది."

"తాతబాబుకి జరిగింది చెప్పాల్సింది కదా?"

"వరండాలో ఆడు కూకునుంటే ఏటి సెప్పను? పెద్దాయనకి గట్టిగా సెప్తే ఆడింటాడు. గుసగుసగా మాటొకటే సెప్పే ఈలుంది. ఇటొచ్చీసినాక పోలీసుల కాడికి ఎల్దామనుకున్నాను. రోడ్డు మీద ఆ వేను తిరుగుతున్నాది. బయటకి రాలేదు." ఆగి, జ్యోతిర్మయి వైపు తిరిగింది. "పెద్దోళ్ళు సదువుకునే సోటు కదా, ఆ ఒక్క మాటైనా మర్యాదగా సెప్పాలనుకున్నాను. సరిగ్గా సెప్పినానా టీచరమ్మా?"

జ్యోతిర్మయి పిల్ల తల మీంచి ఆమె వైపు చూసింది. "సరిగ్గానే చెప్పావు కాంతం."

కాంతం మొహం విప్పారింది.

"ఆ ఫోనులో సార్ ఎవరో తెలియాలి" అన్నాడు షానవాజ్. "దేవిశ్రీ ఎవరికీ చెప్పలేదంది. మీరు ఎవరికైనా చెప్పారా?"

"తాతబాబుకి తప్ప లేదు. దేవిశ్రీ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఈ మాట కూడా..." జ్యోతిర్మయి ఆగిపోయింది.

"ఊ?"

"ఈ మాట ఆమె నాకు ఎదురుగా చెప్పలేదు. నెల మారాక పాత మాట మార్చమన్నాను. కంపెనీలో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, అందుకని ఆఫీసు ఫోన్లోంచి చేసి చెప్పింది. నంబరు కలిపిచ్చింది ఎవరో మగమనిషి. లైబ్రరీ మేడమ్ గారా, మా అమ్మాయి మాట్లాడుతుందండీ, అన్నాడు. చాలా మర్యాదగా."

"ఆ గొంతు తర్వాత ఎప్పుడైనా విన్నారా?"

ఆమె చేతులు పిల్ల చుట్టూ బిగుసుకున్నాయి. "ఇవాళే విన్నాను. లే, కార్లో తిప్పుతాను అంది ఆ గొంతే."

పైడి బిస్కెట్టు కొరికిన చప్పుడు వినబడింది.

దేవిశ్రీ ఆ కార్లో కూర్చుని గంట కావస్తోంది. పిల్ల చేజారింది. సోమవారం సాక్ష్యం ఆపాలంటే ఇంక తల్లే మిగిలింది.

"మోహనకృష్ణకి మీ ఫోన్లోంచి చెయ్యండి" అన్నాడు షానవాజ్.

"జీపు వద్దన్నది నేనే. నేనే పిలుస్తాను" అంది జ్యోతిర్మయి. పిల్లని కాంతం ఒళ్ళో పెట్టి, ఫోను తీసుకుని గది మూలకి వెళ్ళింది.

కారు ఎక్కడుందో తెలియాలి. తెలిసినట్టు అవతలివాడికి తెలియకూడదు. షానవాజ్ గొంతు సవరించుకుని దేవిశ్రీ నంబరు నొక్కాడు. రెండోసారి మోగగానే ఎత్తారు.

"దేవిశ్రీ గారూ, షానవాజ్‌ని. ఎక్కడున్నారమ్మా?"

"స్పీకర్లో పెట్టాను, చెప్పండి సార్." గుణశేఖర్. అదే మెత్తదనం. "ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు. పాప దొరికిందా?"

షానవాజ్ పైడి వైపు చూశాడు. గడ్డం మీద బిస్కెట్టు పొడి, పుస్తకంలో సింహం మీద ఒక వేలు. దొరికింది అన్న ఒక్క ముక్క చాలు, ఆ తల్లి ఏడుపు ఆగుతుంది. ఆ ఒక్క ముక్కే చాలు, గుణశేఖర్‌కి తను బయటపడ్డానని తెలియడానికి.

"లేదండీ" అన్నాడు. "ఇంకా దొరకలేదు."

అవతల దేవిశ్రీ ఏడ్చింది. కేకలు లేవు. ఊపిరి అందని మనిషి మూలుగులాంటి ఏడుపు. అది ఫోన్లోంచి ఆ రేకుల గదిలోకి వచ్చింది. షానవాజ్ పళ్ళు బిగబట్టాడు. "మీరెక్కడున్నారో చెబితే నేనే వస్తాను గుణశేఖర్ గారూ. ఆవిడతో ఒక ఫొటో పని ఉంది."

"దగ్గర్లోనే ఉన్నాం లెండి" అన్నాడు గుణశేఖర్.

పైడి తలెత్తింది. ఆ ఏడుపు ఎవరిదో పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాంతం గ్రీజు చెయ్యి ఆ నోటి దాకా చేరేలోపే మాట వచ్చేసింది.

"అమ్మా, ఏడవకు. నానిక్కడే ఉన్నాను."

అవతల ఏడుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి, కారు నాలుగు తలుపులకీ ఒక్కసారే లాక్ పడిన చప్పుడు వినిపించింది.